తెల్లబారిన ఇల్లు

మైత్రీవనం వెనక సందులో ఒక బిల్డింగు. కింద కోచింగ్ సెంటరు, పైన అబ్బాయిల హాస్టలు, ఆ రెంటి మధ్యన ఒక పొడుగాటి గది. ఆ గదికి నట్టనడుమ ఒక పాత దుప్పటి వేలాడుతూ ఉంటుంది. దుప్పటికి కిటికీ వైపు దివ్యశ్రీ, తలుపు వైపు కేదార్. కాగితాల మీద ఇంకా మొగుడూ పెళ్లాలే గానీ, కోర్టు వాయిదాల్లో తప్ప ఒకరి మొహం ఒకరు చూసుకోవాలని ఇద్దరికీ లేదు. అందుకే ఆ దుప్పటి. దానికి మేకు ఎవరు కొట్టాలన్న దగ్గర కూడా ఒక పూటంతా పోట్లాడుకున్న ఘనులు వాళ్లు.

వాళ్ల పని బిల్డర్లకు నమూనా ఇళ్లు చేసివ్వడం. ప్లాస్టిక్ షీట్లు కోసి, అతికించి, అరచేతిలో ఇమిడే ఇంటి దగ్గర్నుంచి బల్లంతా పరుచుకునే కాలనీ దాకా కడతారు. అంత చిన్న గోడకి కుంచెతో రంగు పులిమితే కుంచె గీతలే కనిపిస్తాయి తప్ప గోడ కనిపించదు. అందుకని పెన్నులా ఉండే చిన్న గన్నుతో, కంప్రెసర్ గాలితో, రంగుని మంచులా చల్లాలి. ఎయిర్‌బ్రష్ అంటారు దాన్ని. అందులోకి లాకర్ రంగే వాడాలి. నీళ్ల రంగైతే ప్లాస్టిక్‌ని పట్టుకోదు, గోరు తగిలితే పొరలా ఊడివస్తుంది. లాకరు ప్లాస్టిక్‌ని కొంచెం కొరికి మరీ పట్టుకుంటుంది, చూస్తూండగానే ఆరిపోతుంది. దాని కంపు భరించడం ఒక్కటే కష్టం. ఆ కంపుకి పై హాస్టలు వాళ్లు రోజుకొకరు కిందికి వచ్చి తిట్టిపోతుంటారు.

లాకరు కలపడం దివ్యశ్రీ పని, చల్లడం కేదార్ పని. పెళ్లయిన కొత్తలో అలా పంచుకున్నారు, ఆ తర్వాత ఎవరి పనిలో ఎవరూ వేలు పెట్టలేదు. దివ్యశ్రీ నాన్న హనుమాండ్లుకి సనత్‌నగర్‌లో కార్లకి రంగులు వేసే షెడ్డు ఉండేది. థిన్నరు వాసన చూసి అది మంచిదో కల్తీదో చెప్పగలగడం ఆమెకి చిన్నప్పుడే వచ్చేసింది. కేదార్ భీమవరం నుంచి డ్రాఫ్టింగ్ నేర్చుకోవడానికి వచ్చి అమీర్‌పేటలో చిక్కుకుపోయిన మనిషి. చెయ్యి వణకదు. కిటికీ చట్రం వెంట వెంట్రుకంత గీత చల్లమన్నా చల్లేస్తాడు.

ఎందుకు విడిపోయారని ఇద్దర్నీ విడివిడిగా అడిగితే రెండు కథలు చెబుతారు. రెండూ నిజాలే, వచ్చిన చిక్కంతా అదే. వచ్చినవాళ్ల ముందు ఆవిడ తన మాటకి అడ్డం పడి "గట్ల కాదు మేడం, ఆయనకు తెల్వది" అనేసేదని అతని బాధ. అదే వచ్చినవాళ్లకి అతను తనని చూపించి "మా ఆవిడండి, రంగులవీ చూస్తుంటుంది" అనేవాడని ఆమె మంట. టీలూ అవీ చూస్తుంటుంది అన్నట్టుండేది ఆ మాట. ఒక రోజు మాటా మాటా పెరిగి, నువ్వు లేకుండా నేను చేసుకోగలను అంటే నేను చేసుకోగలను అనుకునే దాకా వచ్చింది. దివ్యశ్రీ బట్టలు సర్దుకుని సనత్‌నగర్‌లో తల్లి మంగవ్వ దగ్గరికి వెళ్లిపోయింది. పనికి మాత్రం రోజూ వస్తోంది. గది అద్దె ఒప్పందంలో తన సంతకం కూడా ఉంది మరి.

సరిగ్గా అప్పుడే పంజాగుట్ట నుంచి రత్నమాల గారి కబురు వచ్చింది. ఆవిడ ఒక పెద్ద బిల్డరు ఆఫీసులో అమ్మకాల వ్యవహారం మొత్తం చూస్తారు. శంకర్‌పల్లి వైపు లేస్తున్న విల్లాల కాలనీ మొత్తానికి నమూనా కావాలి. ఏడాది పొడుగునా చేతినిండా పని ఉంటుంది. ఈ ఇద్దరూ విడివిడిగా ఫోన్ చేసి పని తమకే ఇమ్మని అడిగేసరికి ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది.

"మీ ఇంటి గొడవ నా ఆఫీసులోకి తేవద్దు. ఒకే విల్లా ఇద్దరూ చెరొకటి చేసి తీసుకురండి. గంధం రంగు గోడలు, తెల్ల కిటికీలు. ఏది బాగుంటే వాళ్లకే మొత్తం కాలనీ. ఈ ఆదివారం కాదు, ఆ పై ఆదివారం పన్నెండింటికల్లా ఇక్కడుండాలి," అన్నారావిడ.

పని దొరికినవాళ్లకే ఆ గది, ఆ కంప్రెసరు, కలిసి తెచ్చుకున్న పేరు అని ఇద్దరూ ఒప్పుకున్నారు. దొరకని మనిషి ఇంకొకరి దగ్గర కూలికి చేరాలి. దివ్యశ్రీకి ఆ ఆలోచన కూడా భరించరానిదిగా ఉంది. ఇంత పని తెలిసీ, రేపు ఎవడో కొత్త ఓనరు తనని చూపించి "రంగులవీ చూస్తుంటుంది" అంటే వినాలా?

మంగవ్వ మాత్రం రోజూ ఒకటే పాట పాడేది. "గాయినతోని ఒక్క రూంల ఎందుకే బిడ్డా? వేరే తావుల పెట్టుకో."

"వాడే పోతడు తియ్యవే. నేనెందుకు పోవాలె?" అనేది దివ్యశ్రీ.

గన్ను పట్టుకోవడం ఆమెకి అలవాటు లేదు. కొత్తది ఒకటి కొనుక్కుని, కంప్రెసర్‌కి ఇంకో గొట్టం తగిలించి, పాత ప్లాస్టిక్ ముక్కల మీద రోజూ చల్లడం నేర్చుకుంది. మొదట్లో రంగు కన్నీళ్లలా కారిపోయేది. వారం తిరిగేసరికి పొర సమంగా పడటం మొదలైంది. ఏముంది ఇందులో, ఇన్నాళ్లూ దీనికేనా ఇంత గొప్పలు పోయిండు అనుకుంది. దుప్పటికి అవతల కేదార్ రంగులు కలుపుకుంటున్న చప్పుడు వినబడేది. సీసాలు తడబడుతూ ఒకదానికొకటి తగులుతుంటే ఆమెకి నవ్వొచ్చేది.

గంధం రంగు అంటే పసుపులో తెలుపు కలిపితే వచ్చేది కాదు. ఆమె తెలుపు తీసుకుని, అందులో మట్టి పసుపు కొంచెం, ఎరుపు ఒక్క చుక్క, ఆ ఎరుపు ఎక్కువైందనిపిస్తే దాన్ని అణచడానికి ఆకుపచ్చ సూది మొనంత వేసింది. ఐస్‌క్రీం చెంచా వెనక చల్లి, కిటికీ దగ్గర ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి చూసుకుంది. రత్నమాల గారి ఆఫీసులో పసుపు లైట్లుంటాయని గుర్తొచ్చి ఫోను టార్చికి పసుపు కవరు అడ్డం పెట్టి మళ్లీ చూసింది. అప్పుడు గానీ తృప్తి పడలేదు. తర్వాత పలచన చెయ్యడం. థిన్నరు ఎక్కువైతే రంగు జారుతుంది, తక్కువైతే దారాలు దారాలుగా పడుతుంది. కలిపే కప్పు పక్కలకి తగిలేలా తిప్పితే, రంగు పాలలా కిందికి దిగుతూ వెనక పలచటి పొర వదలాలి. సరిగ్గా అలా కుదిరాక, పాత చున్నీ గుడ్డలో రెండుసార్లు వడగట్టింది.

చివరగా వేసేది రిటార్డరు. వానాకాలంలో అది లేకుండా లాకరు ముట్టుకోకూడదు. లాకరు మరీ తొందరగా ఆరితే గాలిలోని తేమ ఆ పొరలో ఇరుక్కుపోయి రంగు మీద పాల మీగడలా తెల్లటి మసక కడుతుంది. రిటార్డరు నాలుగు చుక్కలు వేస్తే రంగు నిదానంగా ఆరి, తేమ బయటికి పోవడానికి వ్యవధి దొరుకుతుంది. గోధుమరంగు గాజు సీసాలో ఉండేదది, దుప్పటికి అటూ ఇటూ అందేలా గోడ అల్మారాలో పెట్టి. కేదార్ కూడా ఆమె ఎలా వేసేదో చూసి గుర్తుపెట్టుకుని, తన రంగులో వేసుకుంటున్నాడు. ఎందుకు వెయ్యాలో అతనికి తెలుసో లేదో ఆమె ఎన్నడూ అడగలేదు.

శనివారం సాయంత్రం నుంచి వాన పట్టుకుంది. దివ్యశ్రీ ఇంటికి బయల్దేరుతూ అల్మారా ముందు ఆగింది. సీసా తను కొన్నది. తను కొన్న సీసా తను తీసుకుపోతే తప్పేంటి? ఎవరూ అడగకుండానే మనసులో ఆ ప్రశ్న వేసుకుని, ఎవరూ అడగకుండానే జవాబు కూడా చెప్పుకుని, సీసాని బ్యాగులో పెట్టుకుంది. వాన మొదలైనప్పుడే ఆ పని చేస్తున్నానని ఆమెకి బాగా తెలుసు. తెలిసే చేసింది.

ఆదివారం పొద్దున వచ్చేసరికి కేదార్ అప్పటికే అక్కడున్నాడు. అల్మారాలో ఖాళీ చోటు వైపు చూస్తున్నాడు. ఆమె బ్యాగు తలుపు పక్క స్టూలు మీద పెట్టి తన వైపుకి వెళ్లింది. కాసేపటికి కేదార్ చెప్పులేసుకుని కిందికి వెళ్లాడు. రంగుల కొట్టుకే వెళ్లి ఉంటాడు. ఆదివారం కొట్టు తియ్యరు. తడిసిన చొక్కాతో ఉత్త చేతులతో తిరిగొచ్చి, కంప్రెసరు ఆన్ చేశాడు.

అతని గన్ను చప్పుడు ఎప్పటిలాగే ఆగకుండా, తొణక్కుండా సాగింది. తర్వాత ఆగింది. మళ్లీ కొంచెం సాగి మళ్లీ ఆగింది. దివ్యశ్రీ దుప్పటి అంచు లోంచి తొంగి చూసింది. అతని విల్లా బల్ల మీద ఉంది. గీత గీతా సూటిగా, మూల మూలా శుభ్రంగా ఉంది. ఆ శుభ్రమైన గోడల మీద గంధం రంగు తెల్లటి పొగ కమ్మినట్టు మారిపోతోంది. కేదార్ దాన్ని ఊదుతున్నాడు, గుడ్డతో అద్దుతున్నాడు, లైటు దగ్గరికి జరుపుతున్నాడు. ఇంట్లో పాలు పొంగిపోతుంటే ఎటు పోవాలో తెలియని మనిషిలా ఉన్నాడు.

ఆమెకి సంతోషమైంది. దాచడమెందుకు, ఒళ్లు పులకరించేంత సంతోషమైంది. ఇన్నేళ్లూ రంగులవీ చూస్తుంటుంది అన్నావు కదా, చూసుకో ఇప్పుడు అనుకుంది.

అదే ఊపులో తన గన్ను అందుకుంది. మొదటి పొర వెన్నలా పడింది. రెండో పొర ఇంకా బాగా పడింది. మూడో పొర వేస్తూ ఇంటి ముందు గోడ వైపు చెయ్యి తిప్పేసరికి గన్ను ఒక్కసారి దగ్గినట్టు ఠప్పుమంది. గోడ మీద ఒక బొట్టు పడింది. మీట వదిలేలోపే మళ్లీ ఠప్, ఠప్ అంటూ నీళ్లు ఊసింది. తడి లాకరు మీద నీటి చుక్క పడ్డచోటల్లా రంగు పక్కకి తొలిగి, అడుగున ప్లాస్టిక్ కనిపించేలా గుంట పడింది. ముందు గోడ నిండా గుంటలే. ఆమె గన్ను విదిలించింది, దాని మీది రంగు కప్పు విప్పి చూసింది. కప్పులో తప్పేమీ లేదు. నీళ్లు వచ్చింది గాలిలోంచి.

దుప్పటిని ఒక్క లాగు లాగింది. మేకుతో సహా ఊడి వచ్చింది.

"ఏం జేసినవ్?" అంది.

"ఏమీ చెయ్యలేదు," అన్నాడు కేదార్, తన విల్లా మీంచి చూపు తిప్పకుండా.

"మరి నీళ్లెట్ల వచ్చినయ్ నా గన్నుల? ఇన్ని దినాలు ప్రాక్టీస్ చేసిన, ఒక్క చుక్క రాలే. గీ దినమే వచ్చినయా?"

అతను వంగి బల్ల కింది కంప్రెసరు ట్యాంకు అడుగున ఉన్న చిన్న మర తిప్పాడు. బుస్సుమంటూ గాలి, దాని వెనక తుప్పు రంగు నీళ్లు నేల మీదికి చిమ్మాయి. చాలాసేపు వస్తూనే ఉన్నాయి.

"గాల్లో తేమంతా ఇక్కడ నీళ్లయి చేరుతుంది. రోజూ పొద్దున్నే తియ్యాలి. వానాకాలంలో రెండుసార్లు తియ్యాలి. ఇన్నేళ్లూ నేనే తీసేవాణ్ణి. నువ్వు పక్కన కూర్చుని ప్రాక్టీసు చేసుకున్నన్నాళ్లు కూడా తీశాను. ఇవాళ పొద్దున మాత్రం, నేను చల్లుకునేంతవరకు నీళ్లు పైకి రావులే అని తియ్యకుండా ఊరుకున్నాను."

"ఎందుకు ఊకున్నవ్?"

"నీ బ్యాగు జిప్పు పూర్తిగా వెయ్యలేదు. సీసా మూత కనపడింది," అన్నాడు.

దివ్యశ్రీ దగ్గర తిట్లకి ఎన్నడూ కరువు లేదు. కానీ తిట్టాలంటే తప్పు పూర్తిగా అవతలివాడిదై ఉండాలి కదా. ఆమె గుంటలు పడిన విల్లాని అట్టపెట్టెలో పెట్టుకుంది, అతను తెల్లబారిన విల్లాని ఇంకో అట్టపెట్టెలో పెట్టుకున్నాడు. వేరు వేరు ఆటోలు మాట్లాడుకున్నారు. అంత చేసీ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర రెండు ఆటోలూ పక్కపక్కనే ఆగాయి. వాన జల్లు కొడుతుంటే ఇద్దరూ ఒళ్లోని పెట్టెల మీదికి వంగి, చెరో పక్కకి చూస్తూ కూర్చున్నారు.

ఆదివారాలు బిల్డరు ఆఫీసులకి సంత రోజులు. రత్నమాల గారి చుట్టూ ఇళ్లు కొనడానికి వచ్చిన కుటుంబాలు, పిల్లల అరుపులు. ఆవిడ ఇద్దర్నీ లోపలి గదిలోకి పిలిచి, పెట్టెలు తెరిపించి, కళ్లజోడు పెట్టుకున్నారు.

దివ్యశ్రీ ఇంటిని ముందు చూశారు. "రంగు నేను అడిగిందే. అచ్చం అదే. కానీ ఇదేంటమ్మా, గోడకి అమ్మవారు పోసినట్టు ఇన్ని మచ్చలు?"

"నీళ్లు పడ్డయి మేడం," అంది దివ్యశ్రీ.

"దీన్ని సరిచెయ్యగలవా? ఇంకో గంటలో మా ఎండీ గారొస్తున్నారు."

సరిచెయ్యాలంటే రంగంతా రుద్దేసి మొదట్నించీ మొదలుపెట్టాలి. పూట పడుతుంది. ఆమె తల అడ్డంగా ఊపింది.

రత్నమాల గారు కేదార్ ఇంటిని చేతిలోకి తీసుకున్నారు. అటు తిప్పి ఇటు తిప్పి, కిటికీల దగ్గర ఆగారు. "ఎంత శుభ్రంగా ఉన్నాయండీ అంచులు! ఈ బూజులాంటి తెలుపు ఒక్కటే అసహ్యంగా ఉంది. ఇది పోతే నాకు ఇంకేం వద్దు. కాలనీ మొత్తం మీకే. పోతుందా ఇది?"

కేదార్‌కి తెలియదు. అతను దివ్యశ్రీ వైపు తిరిగాడు. గదికి దుప్పటి అడ్డం కట్టాక అతను ఆమెని సూటిగా చూడటం అదే మొదటిసారి. ఆ చూపులో కోపం లేదు. రంగు దగ్గర ఏ అనుమానం వచ్చినా ఇన్నేళ్లూ ఎలా చూసేవాడో అలాగే చూశాడు.

"పోతుందా?" అని అడిగాడు.

పోతుంది. గన్నులో రిటార్డరు నింపి, దూరం నుంచి ఊరికే పొగలా చల్లితే చాలు. ఆరిన లాకరు పైపైన మళ్లీ కొంచెం కరిగి, లోపల ఇరుక్కున్న తేమని వదిలేస్తుంది. టీ తాగి వచ్చేలోపు గంధం రంగు గంధం రంగులా కళ్ల ముందే తిరిగొస్తుంది. నాన్న షెడ్డులో అలా ఎన్ని కార్ల మీద చెయ్యలేదు. ఇక్కణ్ణుంచి గదికి ఆటోలో పోయి రావడం ఎంతసేపు. సీసా ఆమె ఒళ్లోని బ్యాగులోనే ఉంది.

అవునంటే గది అతనిది. కంప్రెసరు అతనిది. ఏడాది పని అతనిది.

"పోదు," అంది దివ్యశ్రీ.

కేదార్ తల ఊపి రత్నమాల గారి వైపు తిరిగాడు. "పోదటండి."

రత్నమాల గారు కళ్లజోడు పైనుంచి ఇద్దర్నీ చూసి నవ్వారు. "ఆవిడ పోదంటే మీరు ఊరుకుంటారేంటండీ? ఆవిడ మీకు పోటీ. కావాలనే అంటోందేమో! ఇంకెవర్నైనా అడగండి."

కేదార్‌కి కోపం వచ్చింది. దివ్యశ్రీ ఎరిగిన కోపమే అది, చెవులు ఎర్రబడి మాట తడబడే కోపం. కాకపోతే అది తన మీద కాదు.

"మా ఇద్దరికీ పడదండి. అది ఊరంతా తెలుసు. నన్ను ఎన్నైనా అంటుంది, ఏమైనా చేస్తుంది. కానీ రంగు విషయంలో తను అబద్ధం చెప్పదు. మా పెళ్లయినప్పట్నించీ ఒక్కసారి చెప్పలేదు. తను పోదంటే ఇంక ఎవరివల్లా పోదు. తనని అలా అనకండి," అన్నాడు.

దివ్యశ్రీ మొహం మండిపోయింది. ఇన్నేళ్లుగా వినాలనుకున్న మాట అది. పరాయి మనిషి ముందు, పెద్ద బిల్డరు ఆఫీసులో, తన పనికి అతని నోటి వెంట ఇన్నాళ్లకి వచ్చిన మర్యాద. అది సరిగ్గా తను అబద్ధం చెప్పిన మరుక్షణం వచ్చింది. ఇప్పుడైనా నోరు తెరిచి నిజం చెప్పొచ్చు. చెబితే అతను అన్న మాట అబద్ధమైపోతుంది. చెప్పకపోయినా అది అబద్ధమే. ఆ సంగతి తనకొక్కదానికే తెలుస్తుంది, అంతే తేడా.

"సరే మరి, ఏం చేస్తాం. వేరేవాళ్లని చూసుకుంటాను," అని రత్నమాల గారు ఫోను అందుకున్నారు.

కేదార్ లేచి తన ఇంటిని పెట్టెలో పెట్టుకున్నాడు. దివ్యశ్రీ వెనకే నడిచింది. పిలుద్దామని మెట్ల మలుపు దాకా అనుకుంటూనే ఉంది. ఆ మలుపులో ఆఫీసు వాళ్ల చెత్త డబ్బా ఉంది. కేదార్ పెట్టె తెరిచి, ఇంటిని ఒకసారి చూసి, పోని ఆ తెలుపుని మోసుకుపోవడం ఎందుకనుకున్నాడేమో, డబ్బాలో పడేసి కిందికి దిగిపోయాడు. ఆమె పిలవలేదు.